పాఠకుల ప్రశ్నలు: ఆటలో కొనుగోళ్లు, ఫోనులో పందేలు

ఫోను ఆటల్లో పిల్లలు పెడుతున్న ఖర్చు గురించీ, ఆన్‌లైన్ పందేల గురించీ ప్రశ్నలు పంపమని గత సంచికలో కోరాము. వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం వరంగల్, హన్మకొండ, కరీంనగర్, పెద్దపల్లి జిల్లాల నుంచి వచ్చాయి. ఒకే సంగతి అడిగినవాటిని కలిపి ఐదింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను. రాసినవారి పేర్లు కావాలనే వదిలేశాము.

ప్రశ్న: మా అబ్బాయికి పదమూడేళ్లు. వాళ్ల నాన్న ఫోనులో ఒక తుపాకీ ఆట ఆడుతుంటాడు. రెండు నెలల్లో ఆ ఆటలో ‘డైమండ్లు’ కొనడానికి మా ఖాతా నుంచి పద్దెనిమిది వేలకు పైగా పోయింది. ఒకసారి ఎనభై, ఒకసారి నాలుగు వందలు చొప్పున పోవడంతో మేము గమనించలేదు. మొదట "నాకేం ఎరుక" అన్నాడు. గట్టిగా అడిగితే "నేనేం పందెం ఆడలే, బట్టలు కొన్న" అంటున్నాడు. ఇది జూదం కిందికి వస్తుందా? ఆ డబ్బు తిరిగి వస్తుందా? వాడిని ఎలా దారిలో పెట్టాలి?
(ఒక తల్లి, హన్మకొండ)

జవాబు: అమ్మా, మీ అబ్బాయి మాటలో సగం నిజం ఉంది. ముందుగా ఆ సగాన్ని మీరు ఒప్పుకుంటే మిగతా సగం గురించి అతను మీతో మాట్లాడతాడు. ఆటలోని బొమ్మకు తొడిగే అంగీని, తుపాకీకి వేసే రంగును ధర చెప్పి అమ్మితే అది కొనుగోలే. దండగ ఖర్చని మనం అనుకోవచ్చు గాని దాన్ని జూదం అనలేము. అయితే అదే ఆటలో తిప్పే చక్రాలూ, తెరిచే పెట్టెలూ ఉంటాయి. అక్కడ డబ్బు ముందు కట్టాలి, ఏం వచ్చిందో తర్వాత తెలుస్తుంది. పందెంలో పెట్టే సొమ్ము, అదృష్టానికి వదిలిన ఫలితం రెండూ అందులో ఉన్నాయి. గెలిచిన వస్తువును తిరిగి డబ్బుగా మార్చుకునే వీలు సాధారణంగా ఉండదన్నది ఒక్కటే తేడా. ఆ తేడాకు ఎంత విలువ ఇవ్వాలన్న విషయంలో దేశాలు ఒక్కో తీరుగా తేల్చాయి. బెల్జియం 2018లో డబ్బు కట్టి తెరిచే ఇటువంటి పెట్టెలు తన జూద చట్టానికి విరుద్ధమని ప్రకటించింది. చైనా 2017 నుంచి ఏ వస్తువు వచ్చే అవకాశం ఎంతో కంపెనీలు బయటపెట్టాలని నిబంధన తెచ్చింది. అదే ఏడాది డిసెంబరులో ఆపిల్ సంస్థ కూడా తన యాప్ స్టోరులో ఆ షరతే పెట్టింది.

అందువల్ల ఆ శాతాల పట్టిక చాలా ఆటల్లో ఇప్పుడు ఉంటుంది, కాకపోతే ఏదో మూలన చిన్న గుర్తు వెనుక ఉంటుంది. మీ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకొని, దాన్ని అతని చేతనే వెతికించండి. అతను కోరుకున్న వస్తువు ఎదురుగా 1 శాతం అని ఉందనుకుందాం. నూరుసార్లు తిప్పితే ఒకసారి తప్పక వస్తుందని పిల్లలూ, చాలామంది పెద్దలూ అనుకుంటారు. అది నిజం కాదు. వందమంది పిల్లలు ఒక్కొక్కరు వందసార్లు తిప్పినా వారిలో సుమారు 37 మందికి ఆ వస్తువు రాదు. ఇన్నిసార్లు తిప్పాక తప్పక ఇస్తామన్న హామీ కొన్ని ఆటల్లో ఉంటుంది. అటువంటి చోట ఆ హామీ దాకా వెళ్లడానికి ఎంత ఖర్చవుతుందో రూపాయల్లో రాయించండి.

రూపాయల్లో అని ఎందుకు అంటున్నానంటే, డైమండ్లు ఉన్నదే రూపాయలు కనబడకుండా చేయడానికి. ఒక పొట్లంలో వంద డైమండ్లు అమ్మి, వస్తువు ధర నూట ఇరవై పెడితే పిల్లవాడు రెండో పొట్లం కొనక తప్పదు. ఎనభై డైమండ్లు మిగిలిపోతాయి. వాటిని వృథా చేయకూడదన్న ఆలోచనే మూడో కొనుగోలుకు దారితీస్తుంది. ఈలోగా ‘ఇంకా రెండు గంటలే’ అని గడియారం వెనక్కి నడుస్తుంటుంది. చక్రం ముల్లు కోరిన గడిని దాటీ దాటకుండా పక్క గడిలో ఆగుతుంది. త్రుటిలో తప్పిపోయిందనిపించే ఆ క్షణం నిజానికి ఓటమే అయినా, మనసు దాన్ని దాదాపు గెలుపుగా లెక్కవేసుకొని మళ్లీ తిప్పమంటుంది. ఇదంతా తయారుచేసినవారు తెలిసి చేసిన పనే. పిల్లలు పొరపాటున నొక్కేలా మీటలు అమర్చి డబ్బు రాబట్టారన్న ఆరోపణ మీద అమెరికాలో ఎపిక్ గేమ్స్ సంస్థ 2022 డిసెంబరులో 24.5 కోట్ల డాలర్లు వినియోగదారులకు వాపసు ఇచ్చేందుకు ఒప్పుకున్నది. అంత నేర్పుతో పన్నిన వలలో పదమూడేళ్ల పిల్లవాడు చిక్కుకుంటే, వాడి బుద్ధి చెడ్డదని తేల్చేయడం న్యాయం కాదు.

ఇక డబ్బు సంగతి. గూగుల్ ప్లే ద్వారా కొన్నదైతే 48 గంటలలోపు వాపసు కోరే వీలుంది. ఆ గడువు దాటితే ఆట తయారుచేసిన సంస్థకే రాయాలి. పద్దెనిమిదేళ్లు నిండనివారు చేసుకున్న ఒప్పందానికి 1872 నాటి భారత ఒప్పందాల చట్టం ప్రకారం చెల్లుబాటు లేదు గనుక, కొన్నది మైనరని, తల్లిదండ్రులకు తెలియకుండా జరిగిందని, తేదీలతో సహా స్పష్టంగా రాయండి. అయినా రెండు నెలల కిందటి సొమ్ము మొత్తం వస్తుందని ఆశ పెట్టుకోవద్దు. రేపటి సొమ్మును కాపాడుకోవడం మాత్రం మీ చేతిలో పని. యూపీఐ పిన్ మార్చండి, మార్చేటప్పుడు పిల్లవాడు చూడకుండా మార్చండి. యూపీఐ యాప్‌లో ‘ఆటోపే’ (ప్రతిసారీ అడగకుండానే డబ్బు కట్టే ఏర్పాటు) కింద ఏవైనా అనుమతులు ఉంటే రద్దు చేయండి. చిన్న మొత్తాలకు పిన్ అడగని యూపీఐ లైట్ ఉంటే దాన్నీ తీసేయండి. ప్లే స్టోరు సెట్టింగుల్లో ప్రతి కొనుగోలుకూ ధ్రువీకరణ అడిగేలా పెట్టండి. దుకాణాల్లో కొని ప్లే స్టోరులో డబ్బుకు బదులు వాడే రీడీమ్ కోడ్‌ల మీదా, ‘సగం ధరకే డైమండ్లు’ అని ఇన్‌స్టాగ్రామ్‌లో ఐడీ, పాస్‌వర్డ్ అడిగేవారి మీదా ఒక కన్ను వేసి ఉంచండి. బ్యాంకు దారి మూసుకుపోయిన పిల్లలు వెళ్లేది అక్కడికే.

ఆటను పూర్తిగా మాన్పించమని నేను చెప్పను. నెలకు ఇంత అని చేతిఖర్చు ఇచ్చి, అందులోంచే ఆటకైనా, మిర్చి బజ్జీకైనా ఖర్చు పెట్టుకోమని, ఏ వారానికి ఆ వారం చిన్న పుస్తకంలో రాసి చూపమని చెప్పండి. మొదటి నెల పుస్తకం చూసి మీరు తిడితే రెండో నెల పుస్తకం ఉండదు.

ప్రశ్న: దీపావళికి ఇంటిల్లిపాదీ కూర్చొని పత్తాలు (పేక) ఆడడం మా తాతల నాటి నుంచి ఉన్నది. రూపాయి, రెండు రూపాయలు పెట్టి ఆడేవాళ్లం. అందుకు ఎవరి కొంపా మునగలేదు. ఇప్పుడు మనుమడు అదే ఆట ఫోనులో ఆడితే ఇంత రాద్ధాంతం దేనికి?
(ఒక విశ్రాంత ఉద్యోగి, జమ్మికుంట)

జవాబు: ఎవరి కొంపా మునగలేదన్న మాటను, పెద్దలు మీరు, ఊరి వెనుక మామిడితోటలో సాగిన మూడు ముక్కలాటలకు కూడా వర్తింపజేస్తారని అనుకోను. పత్తాల మీద పొలాలు పోగొట్టుకున్నవారు మన ప్రతి మండలంలోనూ ఉన్నారు. పండుగనాటి ఆట సంగతి వేరే. ఓడినవారి సొమ్ము గెలిచిన వదినగారి దగ్గరే, అదే ఇంట్లో ఉంటుంది. మధ్యలో ఎవరూ వాటా తీసుకోరు. నిద్ర ముంచుకొచ్చే వేళకు ఆట ముగుస్తుంది. ఒకరు మరీ ఓడిపోతుంటే ఇక చాలు లెమ్మని ఎదుటివారే పత్తాలు మూసేస్తారు. ఫోనులో ఈ నాలుగింటిలో ఒక్కటీ లేదు. అవతల ఉన్నది మనిషో యంత్రమో మీ మనుమడికి తెలియదు, ఓడిన కొద్దీ ఆ యాప్ ‘బోనస్’ ఇచ్చి మళ్లీ పిలుస్తుంది. పండుగ ఆట మానవద్దు. అయితే పిల్లలు కూర్చున్న చోట రూపాయిలకు బదులు చింతగింజలు పెట్టుకుంటే మేలని నా అభిప్రాయం.

ప్రశ్న: పరకాల దగ్గర ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. తొమ్మిది, పది తరగతుల పిల్లల్లో కొందరు ‘కలర్ ట్రేడింగ్’ (ఏ రంగు పడుతుందో ఊహించి డబ్బు పెట్టే ఫోను ఆట) గురించి మాట్లాడుకోవడం విన్నాను. ఒకరిద్దరు అన్నల ఫోన్లలో ఆడుతున్నారట. ప్రార్థన సమయంలో ప్రధానోపాధ్యాయులు గట్టిగా మందలించారు, ఫలితం కనబడలేదు. నాకు ఒక పీరియడ్ ఇస్తామన్నారు. ఆ నలభై ఐదు నిమిషాల్లో ఏం చెప్పమంటారు?
(ఒక ఉపాధ్యాయుడు, హన్మకొండ జిల్లా)

జవాబు: సార్, మీరు గణితం చెప్పేవారు కావడం పిల్లల అదృష్టం. ఈ విషయంలో నీతిబోధ కంటే లెక్క ఎక్కువ పని చేస్తుంది. జూదం తప్పని పిల్లలకు తెలియక కాదు, తాము గెలుస్తామనుకోవడం వల్ల ఆడతారు. ఆ అనుకోవడాన్ని కదిలించేది లెక్క ఒక్కటే.

తరగతిని ఇద్దరిద్దరు చొప్పున కూర్చోబెట్టండి. ఒకరు నాణెం ఎగరేస్తారు, మరొకరు రాస్తారు, తర్వాత చోట్లు మార్చుకుంటారు. ఒక్కొక్కరి నోటుపుస్తకంలో నూరు పాయింట్లు ఉన్నట్టు మొదలుపెట్టించండి. ప్రతిసారీ పది పాయింట్ల పందెం. బొమ్మ పడితే తొమ్మిది కలపాలి, బొరుసు పడితే పది తీసేయాలి. మీరు ‘కంపెనీ’గా నల్లబల్ల దగ్గర నిలబడండి. ముప్పైసార్లు ఎగరేశాక అందరినీ తమ లెక్క చెప్పమనండి. నలభైమంది ఉన్న తరగతిలో సుమారు పదిహేడు మంది లాభంలో ఉంటారు, వారి ముఖాలు వెలిగిపోతుంటాయి. అప్పుడు అందరి లాభనష్టాలనూ నల్లబల్ల మీద కూడించండి. కంపెనీ దగ్గర సుమారు 600 పాయింట్లు తేలుతాయి, కొంత అటూ ఇటూ కావచ్చు. మీరు ఒక్క నాణెం కూడా ఎగరేయలేదు. వరంగల్ ఏనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి ధర పెరిగినా పడినా నూటికి ఇంత అని అడ్తిదారు కమీషన్ తెగుతుంది కదా, ఆ ఒక్క పాయింటు తేడా అటువంటిదని చెబితే రైతుల పిల్లలకు ఇంకో మాట అక్కరలేదు.

తర్వాత లాభంలో ఉన్నవారిని మాత్రమే నిలబడమనండి. వాట్సాప్‌లో, టెలిగ్రామ్‌లో ‘నేను ఇంత గెలిచాను’ అని తిరిగే బొమ్మలు వీరివే. కూర్చున్న మిగతావారు తమ స్క్రీన్‌షాట్ ఎవరికీ పంపరు. ఈ ఒక్క దృశ్యం తరగతిలో కళ్లారా చూసిన పిల్లవాడు ఆ బొమ్మలను మునుపటిలా చూడలేడు. పంపిన బొమ్మల్లో చాలావరకు అసలు కల్పితాలేనన్న సంగతి దీనికి అదనం.

పదో తరగతి పిల్లల దగ్గర ఎవరో ఒకరు తప్పక ‘రెట్టింపు’ ఉపాయం ఎత్తుతారు. వంద పోతే రెండు వందలు, అదీ పోతే నాలుగు వందలు పెడుతూ పోతే ఎప్పుడో ఒకసారి గెలిచి అంతా తిరిగి వస్తుందన్నది ఆ ఉపాయం. వారినే బల్ల దగ్గరికి పిలిచి రాయించండి: 100, 200, 400, 800, 1,600, 3,200. వరుసగా ఆరుసార్లు ఓడితే 6,300 పోయినట్టు. ఏడో పందేనికి 6,400 కావాలి. అది గెలిచినా, కమీషన్ లేకపోతే మొత్తం మీద మిగిలేది వంద, ఆ కమీషన్ ఉంటే నష్టమే. వరుసగా ఆరుసార్లు ఓడడం అరుదని వారు అంటారు. ఒక్క విడతలో అయితే అరవై నాలుగింట ఒక వంతు నిజమే. కాని రెండు వందలసార్లు ఆడేవాడికి ఎక్కడో ఒకచోట అటువంటి వరుస ఎదురుకావడం అయిదింట నాలుగు వంతుల దాకా ఖాయం. నిమిషానికొక రంగు పడే ఆటలో రెండు వందల పందేలంటే ఒక్క సాయంత్రం పని. ఇంతా చేసి మన లెక్క నిజాయితీ గల నాణెం మీద వేసింది. రంగుల ఆటలో ఎవరు ఏ రంగు మీద ఎంత పెట్టారో చూసి ఫలితం ప్రకటించేది నడిపేవాడే, దాన్ని తనిఖీ చేసే దిక్కు లేదు. మొదట రెండు మూడు వందలు విత్‌డ్రా కానిచ్చి నమ్మకం కలిగించి, పెద్ద మొత్తం దగ్గర ‘ముందు పన్ను కట్టండి’ అని ఆపేయడం వీరి మామూలు పద్ధతి.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. ఏ యాప్ పేరూ తరగతిలో ఉచ్చరించకండి, ఎందుకంటే తెలియని ముప్పైమందికి మీరే పరిచయం చేసినవారవుతారు. ఎక్కువ పాయింట్లు మిగిలిన పిల్లవాడికి చప్పట్లు కొట్టించకండి. పీరియడ్‌లో సమయం మిగిలితే ప్రకటనల గురించి మాట్లాడండి. బెట్టింగ్ యాప్‌లను ప్రచారం చేశారని 2025 మార్చిలో కొందరు సినీ నటుల మీద, యూట్యూబర్ల మీద హైదరాబాదులో కేసులు నమోదయ్యాయి, రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని కూడా వేసింది. ఆ ప్రకటనకు డబ్బు ఎవరిచ్చారు, ఆ డబ్బు ఎవరి జేబులోంచి వచ్చింది అన్న ప్రశ్నలు వేసి, నల్లబల్ల మీది 600 వైపు చూపిస్తే చాలు. పీరియడ్ అయ్యాక స్టాఫ్‌రూములో కాసేపు ఒంటరిగా కూర్చోండి. మాట్లాడవలసిన పిల్లవాడు ఎవరూ లేనప్పుడే వస్తాడు.

ప్రశ్న: నేను కాజీపేటలో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. మాది నర్సంపేట దగ్గర ఊరు, మిర్చి వేస్తాం. క్రికెట్ మీద నాకు మంచి పట్టు ఉంది. ఐపీఎల్‌లో ఫ్యాంటసీ జట్లతో మొదలుపెట్టి, టెలిగ్రామ్‌లో పరిచయమైన ఒకతను ఇచ్చిన ఐడీతో బెట్టింగులోకి దిగాను. ఫీజులకని నాన్న పంపిన 42 వేలు పోయాయి. రెండు లోన్ యాప్‌లలో తీసుకున్న 25 వేలూ పోయాయి. ఐడీ ఇచ్చినతను ఇంకా 15 వేలు బాకీ అంటూ ఇంటికి వస్తానని బెదిరిస్తున్నాడు. నైపుణ్యంతో ఆడేది జూదం కాదని సుప్రీంకోర్టే చెప్పిందంటారు కదా. ఇంకో పది వేలు దొరికితే పోయినవన్నీ రాబట్టుకోగలనని నమ్మకం ఉంది. ఇంట్లో చెప్పాలా?
(ఒక విద్యార్థి)

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరంలో అన్నింటికంటే నన్ను భయపెట్టింది ఆ పది వేల మాట. నలభై రెండు వేలు పోవడం నష్టం, దానికి ఒక అంచు ఉంది. పోయినదాన్ని అదే చోట రాబట్టాలన్న ఆలోచనకు అంచు లేదు. నువ్వు పాతిక వేలు అప్పు చేసింది కూడా ఆ ఆలోచనతోనే కదా. అప్పుడూ ఇదే నమ్మకం ఉండి ఉంటుంది. ఈ ఒక్క ఆలోచనను పక్కన పెట్టగలిగితే మిగిలినవన్నీ పరిష్కారం ఉన్న సమస్యలే.

నైపుణ్యం మాట చూద్దాం. పత్తాల కేసు ఒకటి సికింద్రాబాదులోని ఒక క్లబ్బు నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రమ్మీలో ప్రధానంగా ఉన్నది నైపుణ్యమని 1967లో కోర్టు చెప్పిన మాట నిజం. ప్రకటనల్లో వినిపించేది ఆ ఒక్క వాక్యమే. పందెం పెట్టి ఆడే ఆట మీద క్లబ్బు యజమాని లాభం గడిస్తున్నట్టు తేలితే నేరం కావచ్చునని అదే తీర్పులో ఉన్న మాటను ఎవరూ చెప్పరు. అటు తర్వాత మన రాష్ట్రం 2017లో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి, ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడేవాటిని, నైపుణ్యం పేరు చెప్పుకొనేవాటిని కూడా, నిషేధించింది. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం కూడా నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా చూడకుండా డబ్బు ఆటలను నిషేధించింది. నడిపేవారికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా, ప్రచారం చేసేవారికి రెండేళ్లు, యాభై లక్షల దాకా అందులో ఉన్నాయి. ఆడినవారిని ఆ చట్టం శిక్షించదు, వారిని బాధితులుగా చూస్తుంది. మన రాష్ట్ర చట్టం అంత ఉదారమైనది కాదని కూడా తెలిసి ఉండాలి.

చట్టం పక్కన పెట్టినా, క్రికెట్ తెలియడం వేరు, పందెంలో గెలవడం వేరు. సమ ఉజ్జీలైన రెండు జట్ల మీద వంద పెడితే నూట తొంభై చొప్పున ఇస్తానన్నవాడు, ఏ జట్టు గెలిచినా తన వాటా ముందే తీసుకున్నాడు. నీకు తెలిసిన క్రికెట్ అంతా అతను చెప్పిన ధరలో అప్పటికే కలిసి ఉంటుంది. బౌలర్ గాయపడ్డాడన్న కబురు నీకంటే ముందు అతనికి అందుతుంది.

బాకీ గురించి. పందెం ఒప్పందాలు చెల్లవనీ, గెలిచానని చెప్పుకొనే సొమ్ము కోసం దావా వేయడానికి లేదనీ ఒప్పందాల చట్టం 30వ సెక్షన్ చెబుతుంది. అంటే ఆ పదిహేను వేల కోసం అతను ఏ కోర్టుకూ వెళ్లలేడు. ఇక మిగిలేది బెదిరింపు ఒక్కటే, బెదిరింపు నేరం. సందేశాలు చెరపకు, కాల్ వివరాలు దాచిపెట్టు. ఇంట్లోవారితో కలిసి పోలీసు స్టేషన్‌కు వెళ్లు. లోన్ యాప్‌ల విషయం కొంచెం వేరే. అప్పు ఇచ్చింది రిజర్వు బ్యాంకు వద్ద నమోదైన సంస్థే అయితే తీసుకున్న అప్పు కట్టవలసిందే, గడువు అడగవచ్చు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం అటువంటి యాప్‌లు నీ ఫోనులోని కాంటాక్టులు, ఫోటోలు తీసుకోవడానికి వీల్లేదు. తీసుకొని బంధువులకు ఫోన్లు చేస్తుంటే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫిర్యాదు చెయ్యి, రిజర్వు బ్యాంకు ‘సచేత్’ పోర్టల్‌లోనూ పెట్టవచ్చు. ఒక యాప్ అప్పు తీర్చడానికి ఇంకో యాప్‌లో తీసుకోవడం మాత్రం ఇక వద్దు.

ఇంట్లో చెప్పాలా అన్నావు. చెప్పాలి, ఈ వారమే. నేరుగా నాన్నకు చెప్పే ధైర్యం చాలకపోతే ముందు మేనమామకో అక్కకో చెప్పి వారిని వెంట పెట్టుకొని వెళ్లు. వెళ్లే ముందు ఒక కాగితం మీద ప్రతి బాకీనీ, ఎవరికి ఎంత అన్నది రాయి. సగం చెప్పి సగం దాచేవారు ఎక్కువ. ఆ దాచిన సగం కోసమే మళ్లీ పందేనికి పోతారు. మిర్చి కోతల నాటి ఎండ నీకు తెలుసు గనుక ఆ నలభై రెండు వేలు ఎట్లా వచ్చాయో నేను చెప్పనక్కరలేదు. కోపం వస్తుంది, తిడతారు. నీ ఫోను, ఏటీఎం కార్డు కొన్నాళ్లు అక్క దగ్గర పెట్టడానికి నువ్వే ముందుకు వస్తే ఆ కోపం త్వరగా చల్లారుతుంది.

రాత్రుళ్లు నిద్ర పట్టకపోయినా, ఎంత వద్దనుకున్నా చెయ్యి ఫోను మీదికే పోతున్నా దాన్ని సిగ్గుపడవలసిన బలహీనతగా చూడకు. జూద వ్యసనం వైద్యులు గుర్తించిన రుగ్మత. ఆటల వ్యసనం కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలో చేరింది, ఆ జాబితా 2022 జనవరి 1 నుంచి అమలులో ఉంది. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలి మానస్ 14416కు ఏ వేళలోనైనా, డబ్బు ఖర్చు లేకుండా, తెలుగులోనే మాట్లాడవచ్చు. బతకడం ఎందుకన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఒంటరిగా ఉండకు. గదిలో ఉన్నవారిని లేపు, వెంటనే 14416కు గాని 112కు గాని ఫోన్ చెయ్యి. అప్పు కాగితం మరుసటి రోజు చూసుకోవచ్చు.

ప్రశ్న: గోదావరిఖనిలో సింగరేణి కార్మికుణ్ని. మా వాడు వరంగల్‌లో బీటెక్ చదువుతున్నాడు. బెట్టింగులో లక్షా పదివేల దాకా అప్పు చేశాడు. "బాపూ, ఈ ఒక్కసారి కట్టు, మళ్ల ముట్ట" అంటున్నాడు. దసరాకు వచ్చిన లాభాల వాటా అట్లాగే ఉంది. దానితో కట్టేయమంటారా? ఇంకో సంగతి కూడా ఉంది. ‘గేమింగ్ కంపెనీ’ వాళ్లని చెప్పి ఎవరో నెలకు ఐదు వేలు ఇస్తామంటే, తన బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు, సిమ్ వాళ్లకు ఇచ్చాడట. ఇప్పుడు ఆ ఖాతా ఫ్రీజ్ అయింది.
(ఒక తండ్రి)

జవాబు: అయ్యా, మీరు రెండో సంగతిగా రాసినదే మొదట చూడవలసినది. అప్పు మీ ఇంటి వ్యవహారం, ఆ ఖాతా కాదు. బెట్టింగ్ యాప్‌లవారూ, సైబర్ మోసగాళ్లూ తమ పేరున ఖాతాలు పెట్టుకోరు. విద్యార్థుల ఖాతాలను అద్దెకు తీసుకొని వాటి మీదుగా సొమ్ము దాటిస్తారు. ఏ రాష్ట్రంలోనో ఒకరు మోసపోయి 1930కి ఫోన్ చేస్తే, ఆ సొమ్ము నడిచిన ప్రతి ఖాతానూ ఆపేస్తారు. రికార్డుల్లో దొరికే పేరు మీ అబ్బాయిదే. నాకు తెలియదన్న మాట ఐదు వేలు తీసుకున్నాక అంత తేలికగా చెల్లదు.

అప్పు విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. లాభాల వాటా మొత్తం అతని చేతిలో పెట్టవద్దు. ఒక్క దెబ్బతో బాకీ అంతా మాయమైన పిల్లవాడికి రెండోసారి కూడా బాపు ఉన్నాడన్న ధీమా మిగులుతుంది. కాలేజీ ఫీజు బాకీ ఉంటే కాలేజీకి, నమోదైన సంస్థ అప్పయితే ఆ సంస్థకు మీరే నేరుగా కట్టండి. స్నేహితుల దగ్గర తీసుకున్నవి నెల నెలా కొద్దికొద్దిగా అతనే తీర్చేలా మాట్లాడండి. పందెం నడిపినవాడికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

ఖాతా కోసం రేపే అబ్బాయిని వెంటపెట్టుకొని బ్యాంకు శాఖకు వెళ్లండి. ఏ పోలీసు స్టేషన్ కోరిక మీద ఆపారు, ఫిర్యాదు సంఖ్య ఏమిటి, ఎంత సొమ్ము మీద పట్టు ఉంది అన్నవి లిఖితపూర్వకంగా అడగండి. అతని పేరున వేరే ఖాతాలు, సిమ్‌లు ఇంకేమైనా ఆ ‘గేమింగ్ కంపెనీ’ వాళ్ల దగ్గర ఉంటే వెంటనే మూయించండి. వారితో జరిగిన సంభాషణలన్నీ భద్రపరచి, ఎలా అడిగారు, ఎవరు పరిచయం చేశారు, ఎంత ఇచ్చారు అన్నది ఉన్నది ఉన్నట్టు రాసి, పిలుపు రాకముందే సైబర్ క్రైమ్ పోలీసులకు ఇవ్వండి. ఆ ఐదు వేల సంగతి దాచవద్దు. వెళ్లే ముందు ఒక న్యాయవాదిని కలవడం మంచిది. ఉచిత న్యాయ సహాయానికి అర్హత ఉందో లేదో 15100కు ఫోన్ చేసి తెలుసుకోవచ్చు. ఖాతా విడిపిస్తామని ఫోన్ చేసి కమీషన్ అడిగేవారు తప్పక వస్తారు, వారితో మాట పెంచుకోవద్దు. బ్యాంకులో ఇచ్చే దరఖాస్తు రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద అందినట్టు ముద్ర, తేదీ వేయించుకొని దగ్గర ఉంచుకోండి.